ఎక్స్ కిరణములు - రోగి లెక్క

నందిగామ ప్రాంతమున గుండెనొప్పి వచ్చినవారికి ఒకే రహదారి రెండు దిక్కులకు తీసికొనిపోవును. తూర్పునకు పోయిన సుమారు 50 కిలోమీటర్లలో విజయవాడ. పడమటికి పోయిన జగ్గయ్యపేట దాటి రెండువందల పైచిలుకు కిలోమీటర్లలో హైదరాబాదు. జగ్గయ్యపేట వైపువారిలో కొందరు ఖమ్మమునకును పోవుదురు. ఎటు పోయినను చివరకు చేరునది ఒకే తీరు గది. దానిని క్యాత్ ల్యాబు అందురు. అక్కడ రోగిని సన్నని బల్లపై వెల్లకిల పరుండబెట్టి, మణికట్టు వద్దనో తొడ మొదటనో రక్తనాళములోనికి సన్నని గొట్టమును పంపి, గుండెకు రక్తము నిచ్చు ధమనులలో రంగుమందును చిమ్మి, ఎక్స్ కిరణముల సాయమున ఎక్కడ పూడిక యున్నదో చూతురు. అవసరమైనచో అక్కడికక్కడనే బుడగతో ఆ పూడికను వెడల్పు చేసి స్టెంటు నమర్తురు. రెండు మూడు దినములలో రోగి యిల్లు చేరును.

ఇల్లు చేరువానితో ఒక ప్లాస్టిక్ సంచి వచ్చును. అందులో ఈసీజీ కాగితములు, రక్తపరీక్షలు, ఒక సీడీ, డిశ్చార్జి కాగితము, స్టెంటు డబ్బానుండి ఊడదీసి అంటించిన చీటి ఉండును. ఆ చీటిపై కంపెనీ పేరు, స్టెంటు కొలత, దాని సంఖ్య ముద్రింపబడి యుండును. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము స్టెంటు ధరలకు హద్దు విధించినప్పుడు, బిల్లులో స్టెంటు వెలను వేరుగా చూపవలెనని కూడ నియమించెను. ఇన్ని వివరములలో ఒక్క లెక్క మాత్రము తరచుగా కానరాదు. ఆ బల్లపై పరుండిన సేపు రోగి వీపుమీద ఎంత కిరణశక్తి పడినదను లెక్క అది. యంత్రమునకు ఆ లెక్క తెలియును. తెరపై ఒక మూలను అది చూపుచునే యుండును. తెరమీది అంకె కాగితము మీదికి దిగి, సంచిలో చేరి, నందిగామ వరకు వచ్చుట అరుదు.

ఇది ఏ యొక్కరి అలక్ష్యము వలననో పుట్టిన లోపము కాదు. దీని వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఎక్స్ కిరణములను గూర్చిన భయము మొదట వైద్యునికి కలిగెను. రక్షణయు మొదట అతనికే దొరకెను. రోగి వంతు చాల ఆలస్యముగా వచ్చినది.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గు విశ్వవిద్యాలయమున రాంట్జెన్ పండితుడు ఈ కిరణములను కనుగొని, ఆ డిసెంబరు చివర ప్రకటించెను. ఆయన భార్య చేతి యెముకలు, వ్రేలి యుంగరము కనబడు ఛాయాచిత్రము లోకమంతట తిరిగెను. శాస్త్రవిషయ మేదియు అంత త్వరగా వ్యాపించి యుండలేదు. రెండు మూడేండ్లు తిరుగకముందే, 1897-98లో, మన దేశపు వాయవ్య సరిహద్దున జరిగిన తిరా దండయాత్రలో బీవర్ అను సైనిక వైద్యుడు గాయపడిన సిపాయిల దేహములలో తూటాలను వెదకుటకై ఎక్స్‌రే యంత్రమును కొండలలోనికి మోయించుకొని పోయెను.

ఆ తొలి దినములలో యంత్రము సరిగా పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు వైద్యుడు తన చేతినే కిరణముల కడ్డముగా పెట్టి, తెరపై తన యెముకలను తాను చూచుకొనెడివాడు. ప్రతి రోగికి ముందు ఒకమారు. చేయి ఎర్రబడెను, గోళ్లు రాలెను, మానని పుండ్లు కొందరికి రాచపుండ్లయ్యెను. ఇది కిరణముల వలననే అని నమ్మనివారును ఉండిరి. వారిని నమ్మింపవలెనని అమెరికాలో ఎలిహు థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1896లో తన చిటికెన వ్రేలిని దినమునకు అరగంట చొప్పున కొన్ని దినములు కిరణములకు పట్టి, అది పొక్కి పుండగుటను లోకమునకు తెలిపెను. ఎడిసన్ వద్ద పనిచేసిన క్లారెన్స్ డాలీకి అంత అదృష్టము లేకపోయెను. రెండు చేతులును తీసివేసినను అతడు బ్రదుకక 1904లో మరణించెను. అతనికి కలిగిన హానిని చూచి ఎడిసన్ ఎక్స్ కిరణముల పనిని విడిచిపెట్టెను.

ఇచ్చట ఒక విచిత్రమును గమనింపవలెను. కిరణములకు కొలత యొకటి కావలెను గదా? నేడు మనము వాడు కొలత లేవియు నాడు లేవు. నాటి వైద్యులకు దొరకిన కొలత మానవ చర్మమే. ఎంతసేపు కిరణములు పడినచో చర్మము ఎర్రబడునో, ఆ మొత్తమును ఒక మోతాదుగా పెట్టుకొనిరి. దానికి వారు పెట్టిన పేరే చర్మము కందు మోతాదు అను అర్థము నిచ్చును. బంగారమును గీటురాతిపై గీచి చూచినట్లు కిరణమును రోగి చర్మముపై గీచి చూచిరి. 1928లో స్టాక్‌హోమ్ నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో రాంట్జెన్ పేర ఒక కొలత నిర్ణయింపబడిన తరువాతనే చర్మమునకు ఆ యుద్యోగము తప్పినది. అదే సభలో కిరణ రక్షణకై ఒక అంతర్జాతీయ సంఘమును ఏర్పడినది. తొలి దినములలో ఆ సంఘము తలపోసిన రక్షణ ముఖ్యముగా యంత్రము నడపువారిని గూర్చినదే. సీసపు తొడుగులు, సీసపు గోడలు, పని గంటలు, సెలవులు మున్నగునవి అందులోని విషయములు.

1936లో హాంబర్గు నగరపు ఆసుపత్రి తోటలో ఒక స్మారక శిల నెత్తిరి. కిరణముల వలన ప్రాణములు కోల్పోయిన వైద్యులు, శాస్త్రజ్ఞులు, సహాయకుల పేర్లు 169 దానిపై మొదట చెక్కబడెను. వారు పదునైదు దేశములకు చెందినవారు. తలవంచి నమస్కరింపదగిన శిల అది. అయితే ఆ జాబితా పనివారిది. రోగులకు జాబితా లేదు. రోగి వచ్చును, పోవును. ఏ ఊరిలో ఏ పుండుతో బాధపడెనో యంత్రము నడిపినవానికి తెలియుటకు దారి లేదు. డాలీ చేతులను అందరును చూచిరి, ఏలయన డాలీ మరునాడును అదే గదికి వచ్చెను.

రోగి లెక్క గుండె రోగులకంటె ముందే క్షయరోగులలో బయటపడినది. ఆరోగ్యవరము వంటి క్షయ చికిత్సాలయములు పేరుగాంచిన కాలమది. మందులు రాకముందు ఊపిరితిత్తిని గాలితో నొక్కి విశ్రాంతి నిచ్చు చికిత్స యొకటి లోకమంతట నుండెను. గాలి నింపినప్పుడెల్ల ఎక్స్‌రే తెర ముందు రోగిని నిలువబెట్టి చూచెడివారు. కొందరికి అట్టి పరీక్షలు వందకు మించెను. 1965లో కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన మెకెంజీ అను వైద్యుడు అట్లు చికిత్స పొందిన స్త్రీలలో రొమ్ము క్యాన్సరు హెచ్చుగా నున్నదని ప్రకటించెను. ఒక్కొక్క పరీక్షను విడిగా చూచిన అపాయ మేమియు కనబడదు. ఏండ్ల తరబడి కూడిక వేసినప్పుడే అది కనబడినది. ఆ కూడిక వేయుటకు చికిత్సాలయపు పాత పుస్తకములు అక్కరకు వచ్చినవి.

ఇక గుండె సంగతి. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె అను చిన్న ఊరి ఆసుపత్రిలో ఫోర్స్‌మన్ అను పాతికేండ్ల వైద్యుడు, పెద్దలు వలదన్నను వినక, తన యెడమ మోచేతి సిరలోనికి మూత్రము తీయు సన్నని గొట్టము నొకదానిని తానే ఎక్కించుకొనెను. 65 సెంటీమీటర్లు లోనికి పోయిన తరువాత మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడచిపోయి, నర్సు పట్టిన అద్దములో తెరను చూచుకొనుచు, గొట్టపు కొన గుండెలో చేరినట్లు నిశ్చయించుకొని ఫోటో తీయించుకొనెను. రోగియు, వైద్యుడును, కిరణములు తగిలినవాడును ఒక్కడే. నాడు చీవాట్లు తినిన ఆయనకు 1956లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ మార్గమును చికిత్సకు పనికివచ్చునట్లు తీర్చిన కూర్నాండ్, రిచర్డ్స్ అను ఇరువురితో ఆయన దానిని పంచుకొనెను.

ఆ దినములలో తెర మీది వెలుగు మిణుగురు వెలుగంత. వైద్యులు పరీక్షకు ముందు చాలసేపు ఎర్ర కళ్లద్దములు పెట్టుకొని చీకటికి కన్నులను అలవరచుకొనెడివారు. బొమ్మ సరిగా కనబడకున్న కిరణబలమును పెంచుటయే నాటి ఉపాయము. 1948 ప్రాంతమున వెస్టింగ్‌హౌస్ కంపెనీకి చెందిన కోల్ట్‌మన్, బొమ్మ వెలుగును అనేక రెట్లు పెంచు గొట్టమును నిర్మించుటతో చీకటి గది బాధ తొలగినది. దీనివలన అదే వెలుగునకు కావలసిన కిరణములు తగ్గవలెను; తగ్గినవి కూడ. కాని బొమ్మ బాగుగా కనబడుటతో వైద్యుని సాహసమును పెరిగినది. లోనికి తొంగి చూచుటకు వచ్చినవాడు లోపలనే పనిచేయుటకు మొదలిడెను. నిమిషములు గంటలైనవి. యంత్రము మేలుపడినకొలది రోగికి పడు కిరణములు తగ్గవలసినది పోయి పెరిగిన ఘట్టములు ఈ చరిత్రలో ఇంకను వచ్చును.

1958 అక్టోబరు 30న అమెరికాలోని క్లీవ్‌లండ్ ఆసుపత్రిలో మేసన్ సోన్స్ అను వైద్యుడు ఒక యువకుని గుండె కవాటమును పరీక్షించుచుండెను. కొత్త వెలుగు గొట్టము చాల పెద్దది. దానిని బల్ల క్రింద నమర్చుటకై నేలలో గోయి త్రవ్విరి. సోన్స్ ఆ గోతిలో కూర్చుండి బొమ్మ చూచుచుండగా, గొట్టపు కొన జారి కుడి హృదయ ధమనిలో దూరినది. అప్పటికే రంగుమందు చిమ్మబడినది. ఆ మందు నేరుగా హృదయ ధమనిలో పడినచో మనిషి చచ్చునని నాటి విశ్వాసము. గుండె కొన్ని క్షణములు ఆగెను. సోన్స్ గోతినుండి పైకురికి రోగిని దగ్గుమనెను. దగ్గగానే గుండె కదలెను. ధమని మాత్రము తెరపై చెట్టు కొమ్మవలె స్పష్టముగా కనబడినది. నేడు నందిగామ సంతలో సైతము వినబడు యాంజియోగ్రామను మాటకు మూలము ఆ పొరపాటే. 1967లో జడ్కిన్స్ తొడనుండి పోవు సులభమార్గమును చూపెను. 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్జిగ్, తన వంటింటి బల్లపై అతికించి తయారుచేసిన బుడగ గొట్టముల పరిజ్ఞానముతో, 38 ఏండ్ల రోగి హృదయ ధమనిలోని పూడికను కత్తి పెట్టకుండ విప్పెను. 1986లో ఐరోపాలో మొదటి స్టెంట్లు మానవ హృదయ ధమనులలో అమర్పబడినవి.

ఈ విద్య తెలుగు దేశమునకు వచ్చిన తీరును జ్ఞప్తి చేసికొనుట యుక్తము. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో జన్మించిన కాకర్ల సుబ్బారావుగారు ఎక్స్‌రే విద్యలోనే పండితులు. న్యూయార్కులో చాలకాలము పనిచేసి 1980ల దశకపు నడుమ హైదరాబాదు తిరిగివచ్చి నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులైరి. 2021లో పరమపదించువరకు ఆ సంస్థ పేరు చెప్పిన తెలుగువారికి ఆయన పేరే జ్ఞప్తికి వచ్చెడిది. గుండె వైద్యులు సోమరాజుగారు ఆ సంస్థలో పనిచేసి, 1990ల దశకమున అబ్దుల్ కలాముగారితో కలసి స్వదేశపు లోహముతో చవుకైన స్టెంటును రూపొందించిరి. కలాం-రాజు స్టెంటని దానికి పేరు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై తరువాత రాష్ట్రమంతట వ్యాపించిన ఆరోగ్యశ్రీ పథకముతో, అంతకుముందు చేతి డబ్బు లేక గుండెనొప్పితో ఇంటనే కన్నుమూయు కూలివానికి సైతము క్యాత్ ల్యాబు తలుపు తెరువబడినది. ఇది గొప్ప పుణ్యకార్యము. దీనిని తక్కువ చేసి మాటాడుట నా యభిమతము కాదు. అయితే తలుపు తెరచుకొని లోనికి పోయిన ప్రతివానికి కిరణముల లెక్క యొకటి అప్పుడే మొదలగును. కీళ్లవాతపు జ్వరము వలన కవాటము మూసికొనిపోయిన యువతులకు బుడగతో దానిని విప్పుచున్నారు. పుట్టుకతో గుండెలో రంధ్రమున్న పసివారికి గొట్టముద్వారా దానిని మూయుచున్నారు. వీరికి ముందు బ్రదుకు ఎక్కువ. లెక్కయు అంత ఎక్కువ కాలము నిలువవలెను.

అసలు కిరణములు రోగికి ఎట్లు తగులునో చెప్పవలెను. కిరణములు పుట్టు గొట్టము బల్ల క్రింద నుండును. బొమ్మను పట్టు పలక రోగి యెదపై నుండును. ఈ రెంటిని ఇంగ్లీషు సీ అక్షరమువలె వంగిన చేయి యొకటి కలిపి త్రిప్పును. కిరణములు వీపులో ప్రవేశించి, దేహములో చాలవరకు ఇంకిపోయి, మిగిలిన కొంచెము మాత్రము పలకను చేరి బొమ్మ నిచ్చును. కావున దెబ్బ ఎక్కువగా తగులునది గుండెకు గాదు, వీపు చర్మమునకు. మనిషి లావైనకొలది బొమ్మ మసకబారును. యంత్రము తనంతట తాను కిరణబలమును పెంచి దానిని సరిచేయును. కొద్ది సెంటీమీటర్ల మందము హెచ్చినను వీపునకు తగులు మొత్తము రెట్టింపు కావచ్చును. చేతిని బాగుగా ప్రక్కకు వాల్చినను కిరణము ఎక్కువ దేహమును దాటవలసి వచ్చుటచే అట్లే జరుగును. ఇవేవియు వైద్యునికి కనబడవు. అతని కనులకు బొమ్మ ఎప్పటివలె స్పష్టముగానే యుండును. రోగికిని తెలియదు, వేడి లేదు, మంట లేదు. ఇదియే దీని కపటము.

1990 మార్చి 29న అమెరికాలో 40 ఏండ్ల పురుషు డొకనికి ఒకే దినమున యాంజియోగ్రామును, బుడగ చికిత్సయును, చిక్కు వచ్చుటచే మరల యాంజియోగ్రామును, పిమ్మట గుండె శస్త్రచికిత్సయును జరిగినవి. గుండె బాగుపడినది. కొన్ని వారములకు వీపుమీద అరచేయంత మచ్చ యేర్పడెను. నెలలు గడచినకొలది అది లోతైన పుండయ్యెను. ఏడాదిన్నరకు పైబడిన తరువాత కూడ మానక, తుదకు వేరొకచోటి చర్మము తెచ్చి కప్పవలసి వచ్చెను. ఆ చర్మముపై పడినది 20 గ్రేలకు మించి యుండునని అంచనా వేసిరి. గ్రే యనగా దేహములో ఇంకిన కిరణశక్తికి నేటి కొలత. 2 గ్రేలు పడిన చర్మము కొన్ని గంటలలో ఎర్రబడి, ఒకటి రెండు దినములలో మామూలగును. 6 గ్రేలైనచో సుమారు పదవ నాటికి అసలైన ఎరుపు, మంట కనబడును. పదునైదు దాటినచో చర్మము చచ్చి పుండు పడుటకు వీలున్నది. ఈ లెక్కలు మనిషి మనిషికి కొంత మారును.

ఇటువంటి కేసులు ఒక్కొక్కటి చేరగా, 1994 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ పాలన శాఖ వైద్యులందరికి ఒక హెచ్చరిక పంపెను. అందులో సామాన్యునికి సైతము తెలియు ఒక గణితము కలదు. నిమిషమునకు 0.02 గ్రే చొప్పున కిరణములు పడినచో 2 గ్రేలగుటకు నూరు నిమిషములు పట్టును. యంత్రమును ఎక్కువ బలముతో నడిపి నిమిషమునకు 0.2 గ్రే పడినచో పది నిమిషములు చాలును. రాంట్జెన్ తరువాత నూరేండ్లకు మరల రోగి చర్మమే కొలతబద్ద యైనది. భేద మేమనగా, 1910లోని వైద్యుడు చర్మము ఎర్రబడుటకై కనిపెట్టుకొని యుండెడివాడు. 1990లోని వైద్యునికి చర్మము ఎర్రబడిన వార్తయే చేరలేదు.

వార్త చేరకుండుటకు కారణము ఆ వ్యవధియే. పదవ నాటికి రోగి ఆసుపత్రిలో నుండడు. మచ్చ పడునది వీపున, తరచుగా రెక్కయెముక క్రింద. రోగి దానిని చూచుకొనలేడు. ఇంటివారు చూచి పడకపుండనియో, తామర యనియో, ప్లాస్టరు అంటించిన చోట ఒరిసిన దనియో తలంతురు. మన పల్లెలలో అక్కి యని తలచి కుమ్మరివారి చేత కావితో బొమ్మ వ్రాయించుటయు అసంభవము కాదు. ఊరి వైద్యుడు పూతమందు వ్రాయును. పట్టణపు చర్మవైద్యుడు, గుండె చికిత్స సంగతి ఎవరును చెప్పనందున, పరీక్షకై చిన్న ముక్క కోయును. కిరణములు తగిలిన చర్మమునకు మానుశక్తి తక్కువ; ఆ కోసిన చోటనే పుండు మానక ముదురుటకు వీలున్నది. వీపున నలుపలకలుగా, గిరి గీచినట్లు అంచులున్న ఎర్రమచ్చ కనబడినచో యంత్రపు కిటికీ ఆకారమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ప్రకృతిలో పుట్టు చర్మరోగము అంత చదరముగా రాదు.

హెచ్చరిక వ్యర్థము కాలేదు. 2000లో అంతర్జాతీయ కిరణ రక్షణ సంఘము ఈ గాయములను గూర్చియే ప్రత్యేకముగా ఒక గ్రంథము ప్రకటించెను. అమెరికాలో 2006 జూన్ తరువాత తయారగు ప్రతి యంత్రము రోగికి పడుచున్న కిరణముల లెక్కను తెరపై చూపవలెనని శాసించిరి. యంత్రముల పనితీరు మారినది. ఎడతెగక పడు కిరణమునకు బదులు మినుకు మినుకుమని విడివిడిగా పడు కిరణము వచ్చినది. సెకనుకు ముప్పది మినుకులు పదునైదైనవి. కొన్నిచోట్ల ఏడున్నర యైనవి. కాలు తీసినను చివరి బొమ్మ తెరపై నిలిచియుండు ఏర్పాటు వచ్చినది. అంతకు ముందు బొమ్మ చూచుచు ఆలోచించు వైద్యుడు కాలిమీట నొక్కియే ఆలోచించెడివాడు! 2013లో ఆ సంఘమే గుండె వైద్యమునకు ప్రత్యేకముగా మరియొక గ్రంథము వెలువరించెను. దానిని వ్రాసినవారిలో ఢిల్లీ అఖిలభారత వైద్య సంస్థలో పనిచేసిన మన దేశీయుడు మదన్ రెహాని యొకరు.

మన దేశమున అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న ఏర్పడెను. 2004 నాటి నియమముల ప్రకారము క్యాత్ ల్యాబు యంత్రమును నడుపుటకు ఆ మండలి లైసెన్సు ఉండవలెను. సామాన్యపు ఎక్స్‌రే యంత్రమునకు రిజిస్ట్రేషను చాలును, దీనికి చాలదు. అచ్చట పనిచేయు వైద్యుడు, నర్సు, టెక్నీషియను సీసపు కోటు తొడిగి, రొమ్మున టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకొందురు. అందులోని బిళ్లలు తగిలిన కిరణములను దాచుకొనును. మూడు నెలలకొకమారు వానిని పంపి లెక్క తీయింతురు. అయిదేండ్లకు మొత్తము 100 మిల్లీసీవర్టులు, ఏ యొక్క యేటను 30 దాటరాదని వారికి హద్దు కలదు. పనివాని లెక్క ఈ విధముగా అతని ఉద్యోగమంతయు అతని వెంట నడచును.

రోగికి బ్యాడ్జి లేదు, హద్దును లేదు. హద్దు లేకుండుట న్యాయమే. ప్రాణము పోవుచుండగా నడుమ యంత్రము నాపి, ఇంతటితో నీ వంతు తీరినదని చెప్పలేము. పనివానికి కిరణముల వలన లాభము లేదు, కావున హద్దు. రోగికి లాభము కలదు, కావున తూచుకొనుట. అయితే తూచుటకు త్రాసులో రెండు తట్టలుండవలెను. లాభపు తట్టలో స్టెంటు చీటి యున్నది. రెండవ తట్టలోని కాగితమే సంచిలో లేదు.

ఇంతయు విని శ్రోతలు బెదరిపోవలదు. ప్రకృతివలన మనకందరకు ఏటేట తగులు కిరణములు లోకపు సగటున 2.4 మిల్లీసీవర్టులు. యాంజియోగ్రామొకటి సుమారు 7, స్టెంటు చికిత్స సుమారు 15. ఒక్కొకప్పుడు దీనికి తక్కువ, చిక్కైన కేసులలో చాల ఎక్కువ. ఆరేడేండ్ల ప్రకృతి కిరణములు ఒక్క దినమున తగులుట యన్నమాట. అరువదేండ్లవానికి గుండె ధమని మూసికొనిపోవుచుండగా ఈ లెక్క చూచి వెనుదీయుట అవివేకము. నొప్పి మొదలైన తరువాత ప్రతి నిమిషమును గుండెకండ చచ్చుచుండును. విజయవాడ చేరుటలో ఆలస్యమే నిజమైన అపాయము. చర్మమునకు గాయము వేలమందిలో ఏ కొలదిమందికో కలుగును. అట్టివారు ఎవరో ముందే ఊహింపవచ్చును. దేహము లావైనవారు, ధమని పూర్తిగా మూసికొని గంటల తరబడి పని పట్టినవారు, కొలది నెలలలో రెండు మూడుమార్లు బల్ల నెక్కినవారు.

ఈ మూడవ తరగతివారే మన రహదారి మీద ఎక్కువగా తిరుగుచుందురు. మొదటి స్టెంటు విజయవాడలో; ఆరు నెలలకు నొప్పి మరల రాగా, బంధువులున్నారని హైదరాబాదులో. రెండవచోటి వైద్యుడు సీడీ చూచును, స్టెంటు చీటి చదువును. మొదటిచోట వీపున కుడిప్రక్క 4 గ్రేలు పడినవని తెలిసిన, అతడు యంత్రపు చేతిని వేరొక వాలుననుంచి అదే చర్మముపై మరల పడకుండ చేయగలడు. కిటికీని ఇరుకు చేయగలడు. బల్లను గొట్టమునుండి పైకెత్తి పలకను ఎదకు దగ్గరగా దింపగలడు. వీనిలో దేనికిని పైసా వ్యయము లేదు. తెలియకున్న, తనకు అలవాటైన వాలుననే పనిచేయును. చర్మము మాత్రము రెండు ఊళ్ల లెక్కను కలిపియే కూడుకొనును.

అందుకే అంతర్జాతీయ గ్రంథములు ఒక సంఖ్యను గట్టిగా పట్టుకొన్నవి. చికిత్స ముగిసిన పిమ్మట తెరపై గ్రేలలో కనబడు మొత్తము 5 అయినచో, ఆ సంగతి కాగితము మీద వ్రాసి, రోగికిని ఇంటివారికిని చెప్పి, కొన్ని వారముల వరకు వీపు చూచుకొనుమని పంపవలెను. ఆ అంకె చర్మమునకు తగిలిన అసలు మొత్తము కాదు. ఒక నిర్ణీత స్థానమునకు యంత్రము వేసికొను లెక్క. అయినను దారి చూపుటకు అది చాలును. డిశ్చార్జి నాడు సంచి అందుకొనువారు ఒక్క ప్రశ్న అడుగవచ్చును: తెరమీద చివర ఎన్ని గ్రేలు చూపినది? ఆ అంకెను, తేదీని, ఆసుపత్రి పేరును స్టెంటు చీటి ప్రక్కననే వ్రాయించుకొనవలెను. పదవ నాడొకమారు, నెలకొకమారు, రెండవ నెల చివర నొకమారు ఇంటివారు పగటి వెలుతురులో వీపు చూడవలెను. చదరపు మచ్చ కనబడినచో గోకరాదు, పసరులు పూయరాదు, కోయించరాదు; ఫోటో తీసి, ఆ కాగితముతో సహా, మొదట చికిత్స చేసిన గుండె వైద్యుని యొద్దకే తీసికొనిపోవలెను.